సెయింట్ క్లెయిర్ నది ఓడల కోసం "1600 ఎంఎం" లెన్సు కిట్ కొనేముందు ఇది చదవండి

మిషిగన్‌లో ఉంటూ ఓడల ఫొటోలు తీసే మనవాళ్లకు హెచ్చరిక. ఆన్‌లైన్‌లో "420-800 ఎంఎం, డబ్లర్‌తో (లెన్సు పొడవుని రెట్టింపు చేసే అదనపు అద్దంతో) 1600" అని అమ్మే చవక కిట్ జోలికి పోకండి. నదికి అవతల, కెనడా ఒడ్డున కొరున్నా ఊరి దగ్గర షెల్ కంపెనీ రేవులో తమ ఇంజిన్లకి ఆయిల్ నింపుకునే ఓడలు ఇందులో చేతికందేంత దగ్గరగా వస్తాయని చెప్పి అంటగడుతున్నారు.

అసలు అంత లెన్సు అక్కర్లేదు. నది వెడల్పు సుమారు అర మైలు, అంటే 800 మీటర్లు. వెయ్యి అడుగుల ఓడ 305 మీటర్లు. ఎదురుగా నిలబడితే అది ఫ్రేమ్ నిండా పట్టడానికి ఏపీఎస్-సీ (చిన్న సెన్సర్) కెమెరాలో 60 ఎంఎం చాలు, ఫుల్ ఫ్రేమ్‌లో (పెద్ద సెన్సర్) 95. 300 ఎంఎం పెడితే ఏపీఎస్-సీలో 63 మీటర్ల ముక్క కనిపిస్తుంది: గొట్టం బిగించే చోటు, చుట్టూ సిబ్బంది, ఆయిల్ ఎక్కుతోందని చెప్పే ఎర్ర బ్రావో జెండా. 24 మెగాపిక్సెళ్లలో ఒక్కో పిక్సెల్‌కి సెంటీమీటరు. ఇంకా దగ్గరగా కావాలంటే క్రాప్ చేసుకోవచ్చు.

ఇక ఆ కిట్ సంగతి. 800 దగ్గర అపర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రం) ఎఫ్/16, అంటే బాగా చిన్నది. మంచి ఎండలో ఐఎస్‌ఓ 800 పెడితే షటర్ 1/800 సెకను వస్తుంది, మబ్బు పట్టిందా 1/100కి పడిపోతుంది. డబ్లర్ తగిలిస్తే ఎఫ్/32, అదే మబ్బులో 1/25. నది గాలికి, ఆ పొడవాటి లెన్సుకి, కిట్‌లో ఇచ్చే నాసి ట్రైపాడ్‌కి అది ఏ మూలకీ చాలదు. పైగా ఎఫ్/32లో డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రంలో వెలుతురు చెదరడం) వల్ల ఫొటోలో సన్నని వివరాలు మెత్తబడతాయి. ఆటోఫోకస్ లేదు, స్టెబిలైజేషన్ (చేతి వణుకుని సర్దే ఏర్పాటు) లేదు. కెమెరాతో మాట్లాడే కాంటాక్టులే ఉండవు, కాబట్టి చాలా మిర్రర్‌లెస్ కెమెరాల్లో "లెన్స్ లేకుండా షటర్" ఆన్ చేస్తేగానీ క్లిక్ కూడా అవదు. డీఎస్‌ఎల్‌ఆర్ వ్యూఫైండర్ చీకటి గుయ్యారం, ఫోకస్ సరిచూసుకోవాలంటే లైవ్ వ్యూలో జూమ్ చేసుకోవాల్సిందే.

అన్నిటికంటే బాధపెట్టేది టీ-మౌంట్ అడాప్టర్, అంటే లెన్సుని కెమెరాకి బిగించే రింగు. అది కాస్త మందంగా వచ్చినా ఇన్ఫినిటీ ఫోకస్ (బాగా దూరంలో ఉన్నవాటి మీద ఫోకస్) అందదు. ఓడలన్నీ ఉండేది అక్కడే. ఇప్పటికే కొన్నవాళ్లు పెట్టె తెరిచిన రోజే దూరంగా ఉన్న సెల్ టవర్ మీద ఫోకస్ చేసి చూడండి. అందకపోతే ఫొటోలతో సహా వాపసు గడువులోపే రాసి పంపండి. "విప్పిన వస్తువు తీసుకోం" అన్న షరతు ఉందేమో కొనేముందే చదవాలి.

ఆ డబ్బు పక్కనపెట్టి ఇంకొంచెం కలిపితే వాడిన స్టెబిలైజ్డ్ జూమ్ వస్తుంది. క్యానన్‌లో 55-250 ఐఎస్ ఎస్‌టీఎం చూడండి (ఐఎస్ అంటే స్టెబిలైజేషన్). చవగ్గా కనిపించే 75-300 మూడో వెర్షన్‌కి (III) ఐఎస్ లేదు. నికాన్ ఏఎఫ్-పీ 70-300 డీఎక్స్ రెండు రకాలుగా వస్తుంది, పేరులో వీఆర్ (నికాన్‌వాళ్ల స్టెబిలైజేషన్) ఉన్నదే తీసుకోండి. టార్చి వేసి అద్దాల్లో ఫంగస్ లేదని తేల్చుకున్నాకే డబ్బివ్వండి.

ఒడ్డు మారితే సరిపోతుందని కూడా అనుకోకండి. రేవు ప్రైవేటు స్థలం, లోపలికి రానివ్వరు. పైగా హెచ్1బీ మీదున్న మన పాస్‌పోర్టులకి బ్లూ వాటర్ వంతెన దాటాలంటే కెనడా వీసా ఉండాలి. మిషిగన్ ఒడ్డునుంచే, మధ్యాహ్నం దాటాక తీయండి. పొద్దున ఎండ కెనడా వైపునుంచి కళ్లలో కొడుతుంది. వేసవి ఎండకి నీటిమీద గాలి అలలుగా కదిలితే ఏ లెన్సూ ఆదుకోదు, సాయంత్రం దాకా ఆగాల్సిందే. ఆయిల్ ఎక్కడానికి గంటలు పడుతుంది కాబట్టి ఆ వ్యవధి దొరుకుతుంది.