1970 బోనవిల్ అంటే నమ్మి కొన్నాను: నంబరు కాదు, నంబరు కింది లోహం చూడండి

పాత బ్రిటిష్ మోటార్ సైకిల్ ట్రయంఫ్ బోనవిల్ టి120 కొని బాగుచేసుకోవాలని చూస్తున్నవారు, అందులోనూ 1970 మోడలే కావాలని పట్టుబట్టినవారు, డబ్బు చేతులు మారకముందే ఇది చదవండి. నేను 1970 అని కొన్న బండి 1970ది కాదు. ఆ సంగతి సగం విప్పాక గానీ తెలియలేదు.

1971 మోడల్ నుంచి ట్రయంఫ్ 650 సీసీ బండ్లకు ఇంజను ఆయిల్ తన గొట్టాల్లోనే నిలవుండే కొత్త చట్రం (ఫ్రేము) వచ్చింది. అందుకే పాత చట్రంతో వచ్చిన ఆఖరి ఏడాదిగా 1970కి గిరాకీ. అమ్మినవాడికి ఇది నాకంటే బాగా తెలుసు. ట్యాంకుకు ఆ ఏడాది రంగులే, ఆస్ట్రల్ రెడ్, వెండి, చక్కగా వేయించాడు. ఇంజను నంబరు, ఫ్రేము నంబరు అక్షరం పొల్లుపోకుండా ఒక్కటే. కాగితాల్లోనూ అదే. పైన పటారం, లోన లొటారం అని నాకు తట్టనే లేదు.

నంబరు పీడీతో మొదలవుతుంది. 1969 మోడల్ నుంచి ట్రయంఫ్ రెండక్షరాల సంకేతం వాడింది: మొదటిది నెల, రెండోది మోడల్ సంవత్సరం. పీ అంటే నవంబరు, డీ అంటే 1970. మోడల్ సంవత్సరం ఆగస్టులోనే మొదలయ్యేది కాబట్టి పీడీ బండి నిజానికి 1969 నవంబరులో తయారైనది. ఈ లెక్క వేసి చూసుకుని, నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఇంజను కడిగిన రోజు అసలు కథ బయటపడింది. సిలిండర్ అడుగున, ఎడమవైపు క్రాంక్ కేసు (ఇంజను కింది పెట్టె) మీద నంబరు కొట్టే చదునైన గద్దె ఉంటుంది. 1969లో మొదలుపెట్టి, ఎవరూ నంబరు దిద్దకుండా ఆ గద్దె నిండా చిన్న చిన్న ట్రయంఫ్ ముద్రలు వేసి, వాటి మీద నంబరు కొట్టేవారు. పెట్రోలు గుడ్డతో తుడిచి, టార్చి లైటు పక్కనుంచి ఏటవాలుగా వేశాను. ఒక్క ముద్ర లేదు. అద్దంలా నున్నగా ఉంది. అంచుల్లో మాత్రం ఆకురాయి గీతలు సన్నగా, అన్నీ ఒకే దిశలో. అంకెలు ఆ గీతల మీద ఉన్నాయి, గీతలు అంకెల మీద లేవు. అంటే ముందు రాకారు, తరువాత కొట్టారు.

ఇక ఫ్రేము. హ్యాండిల్ మెడ కింద రంగు ఊడగొడితే అక్కడా అవే గీతలు. ఇంజనును ముందు పట్టి ఉంచే పలకలు 1970లో బోల్టులతో ఊడివచ్చేవి; నా ఫ్రేముకు అవి అతికే ఉన్నాయి. ఇంజను లోపల ఇన్‌లెట్ క్యామ్‌షాఫ్ట్ (వాల్వులను తెరిచే కడ్డీ) చివర పాతరకం బ్రీదర్, అంటే ఇంజను లోపలి గాలిని బయటికి వదిలేది, కనిపించింది. 1970లో దాన్ని తీసేశారు. ట్యాంకు, హెడ్‌లైటు, కార్బురేటర్ ఎవరైనా మార్చేస్తారు, వాటిని చూసి సంవత్సరం తేల్చడం దండగ. ఈ లోపలి సంగతులు మార్చాలంటే మాత్రం శ్రమ, అందుకే ఎవరూ ముట్టుకోరు.

అమ్మినవాడికి ఫోన్ చేస్తే, "అప్పట్లో ఫ్యాక్టరీలో చేత్తోనే కొట్టేవారు, అంకెలు కాస్త వంకరగా ఉండవా?" అన్నాడు. ఉంటాయి, ఒప్పుకుంటాను. ఫ్యాక్టరీ ఆకురాయి పెట్టి ముద్రలు చెరిపేది కాదు. ఆ మాట అనేలోపే ఫోన్ పెట్టేశాడు. మళ్లీ ఎత్తలేదు.

ఇందులో డబ్బు నష్టం చిన్న సంగతి. దిద్దిన నంబరున్న బండి దొంగబండి అయి ఉండే అవకాశం ఉంది, పోలీసులకు చెప్పకుండా దాన్ని రోడ్డు మీదికి తెచ్చే ధైర్యం నాకు లేదు. ఇంగ్లండ్‌లోని వింటేజ్ మోటార్ సైకిల్ క్లబ్ దగ్గర ట్రయంఫ్ ఫ్యాక్టరీ నుంచి బయటికి పంపిన బండ్ల రికార్డులున్నాయి. నంబరు పంపి అడిగితే బండి ఏ సంవత్సరానిదో ధ్రువపత్రం ఇస్తారు. కొనకముందు నేను చేయాల్సిన పని అది. అయినా రికార్డులో ఉన్న మంచి నంబరునే ఎవరైనా దొంగిలించి కొట్టి ఉంటే ఆ పత్రం కూడా కాపాడదు. గద్దె ఫొటో అడగండి, లైటు పక్కనుంచి పడేలా.

ప్రకటనలోని పాత ఫొటో మళ్లీ తీసి చూశాను. నంబరు ఉన్నచోట ఫ్లాష్ సూటిగా పడి తెల్లగా మెరుస్తోంది. నిన్న అదే మనిషి మరో 1970 బోనవిల్ అమ్మకానికి పెట్టాడు. అందులోనూ నంబరు దగ్గర అదే మెరుపు.