రెండు వేల నుంచి ముప్పై వేల దాకా: తిరుపతి ఎండల్లో మూడు వైర్‌లెస్ హెడ్‌ఫోన్లు

చెవిని పూర్తిగా కప్పే వైర్‌లెస్ హెడ్‌ఫోన్లు కొనాలా అని ఎవరడిగినా, ఏడెనిమిది వేల నుంచి పది వేల మధ్యలో చూసుకోండి అనే చెబుతున్నాను. రెండు వేల రకం, పది వేల రకం, ముప్పై వేలకు దగ్గరపడే రకం, మూడూ మా ఇంట్లో ఏళ్ల తరబడి వాడాం. రెండు వేల నుంచి పది వేలకు మారినప్పుడు తేడా మొదటి పాటలోనే తెలుస్తుంది. పది నుంచి ముప్పైకి వెళ్తే వచ్చే తేడా కూడా నిజమే, కానీ అది కొందరికే అక్కరకొస్తుంది. ఆ కొందరు ఎవరన్నది కింద రాశాను.

ముందు నా వాడకం గురించి చెప్పాలి, లేకపోతే నా అభిప్రాయాన్ని మీ అవసరంతో పోల్చుకోలేరు. మా ఇల్లు తిరుపతి బైరాగిపట్టెడలో, పై అంతస్తు. ఆఫీసు బెంగళూరుది, పని ఇంటి నుంచి. రోజులో సగం కాల్స్‌లోనే గడుస్తుంది. అప్పుడప్పుడు చిత్తూరు, ములబాగిలు మీదుగా బస్సులో బెంగళూరు వెళ్లాలి. సాయంత్రం పని అయ్యాక కర్ణాటక సంగీతం వింటాను. మా తమ్ముడు గేములాడతాడు. అమ్మ యూట్యూబ్‌లో ప్రవచనాలు, అన్నమయ్య కీర్తనలు వింటుంది.

సమీక్షల్లో ఎక్కువగా కనబడని విషయం ఎండ. ఏసీ గదిలో గంటసేపు పెట్టుకుని చూసినవాళ్లకు మన ఏప్రిల్, మే నెలల సంగతి తెలీదు. ఉష్ణోగ్రత నలభై దాటిన మధ్యాహ్నం, ఫ్యాను మాత్రమే ఉన్న గదిలో, చెవి మీద తోలులాంటి ప్యాడ్ పెట్టుకుంటే అరగంటకే లోపల చెమట. అమ్మ ఒకసారి పెట్టుకుని, "చెవులు ఉడికిపోతాండాయిరా" అని తీసి పక్కన పెట్టేసింది. ఆ ప్యాడ్ అసలు తోలు కాదు, స్పాంజి మీద అంటించిన పలచటి ప్లాస్టిక్ పొర. చెమట, వేడి, తలకు రాసుకునే నూనె తగిలేకొద్దీ ఆ పొర పగిలి, నల్లటి పొట్టు రాలుతుంది. మా రెండు వేల హెడ్‌ఫోన్‌కు రెండో వేసవిలోనే అలా అయింది. చెవుల చుట్టూ, దిండు మీద, చొక్కా కాలరు మీద ఆ పొట్టే. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం, ఎందుకంటే ఈ పదార్థం వాడే ఏ హెడ్‌ఫోన్‌కైనా త్వరగానో ఆలస్యంగానో జరిగేదే ఇది.

కాబట్టి కొనేముందు ప్యాడ్లు ఊడదీసి మార్చుకునేలా ఉన్నాయా, ఆ మోడల్‌కు సరిపోయే ప్యాడ్లు విడిగా దొరుకుతాయా అని చూడండి. బాగా అమ్ముడైన మోడళ్లకు ఆన్‌లైన్‌లో సులభంగా దొరుకుతాయి. పేరు తెలియని మోడల్ అయితే ప్యాడ్ చిరిగిన రోజే ఆ హెడ్‌ఫోన్ పని అయిపోయినట్టు. మంచి స్పీకర్, మంచి బ్యాటరీ ఉన్న వస్తువును రెండు ముక్కల స్పాంజి కోసం పారేయాల్సి రావడం నాకు చాలా బాధ కలిగించే విషయం. వాడాక మెత్తటి పొడిగుడ్డతో తుడవడం, చెమటతో ఉన్నప్పుడే పెట్టెలో పెట్టి మూసేయకుండా కాసేపు గాలికి ఆరనివ్వడం, ఈ రెండు పనులతోనే ప్యాడ్ల ఆయుష్షు బాగా పెరిగింది మా ఇంట్లో.

ఇక బరువు. పెట్టె మీద చిన్న అక్షరాల్లో ఉండే ఈ అంకెను ముందు చదవాలి. సోనీ డబ్ల్యూహెచ్-సీహెచ్720ఎన్ బరువు 192 గ్రాములు. అదే కంపెనీ 2020లో తెచ్చిన 1000ఎక్స్ఎం4 బరువు 254 గ్రాములు. సెన్‌హైజర్ మొమెంటమ్ 4 దాదాపు 293 గ్రాములు. యాపిల్ ఎయిర్‌పాడ్స్ మ్యాక్స్ 385 గ్రాముల దాకా ఉంటుంది. షాపులో చేతిలో పట్టుకుంటే ఈ తేడాలు తెలియవు. మూడు గంటల మీటింగు తర్వాత నడినెత్తి మీద, మెడ దగ్గర తెలుస్తాయి. నా దగ్గరున్న పది వేల రకం ఈ 720ఎన్‌యే, ముప్పై వేల రకం ఆ ఎక్స్ఎం4. పని రోజుల్లో నా చేయి దాని మీదికే పోతుంది, ముప్పై వేలది పక్కనే ఉన్నా సరే. తేలికగా ఉండటమే అందుకు కారణం.

శబ్దం సంగతికి వద్దాం. షాపుకు వెళ్తే కౌంటరు అబ్బాయి ముందు చెప్పేది డ్రైవర్ (లోపల ఉండే చిన్న స్పీకర్) సైజు. "అన్నా, ఇది యాభై ఎంఎం డ్రైవర్, బేస్ ఇరగదీస్తాది" అంటాడు. అతని మాట అబద్ధం కాదు, బేస్, అంటే లోతైన శబ్దం, గట్టిగానే ఉంటుంది. కానీ సైజుకూ నాణ్యతకూ సంబంధం లేదు. ఎక్స్ఎం4లో ఉన్నది 40 మిల్లీమీటర్ల డ్రైవర్, దాని తర్వాత 2022లో వచ్చిన ఎక్స్ఎం5లో 30 మిల్లీమీటర్లదే.

నేను కచేరీ రికార్డింగులతోనే పరీక్షిస్తాను, ఎందుకంటే అందులో హెడ్‌ఫోన్ లోపాలు దాచుకోవడానికి వీలుండదు. రెండు వేల దాంట్లో మృదంగం తొప్పి (లోతుగా మోగే ముఖం) వైపు మోత గదంతా నిండినట్టు వచ్చి గాయకుడి గొంతును కప్పేసేది. తంబురా వెనకాల ఎక్కడో గుయ్‌మన్న శబ్దంగా మిగిలేది. నాదస్వరం పై స్థాయికి వెళ్లగానే చెవిలో సూదిలా గుచ్చేది. పది వేల దాంట్లో గొంతు ముందుకొచ్చింది. తొప్పి శబ్దం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో విడిగా వినబడింది. వీణ మీద తీగను లాగి పలికించే గమకం జారిపోకుండా చివరిదాకా వచ్చింది. ముప్పై వేల ఎక్స్ఎం4లో ఇంకొంచెం: పక్కవాద్యాలు ఎవరెక్కడ కూర్చున్నారో తెలిసేంత ఎడం, వయొలిన్ విల్లు తీగను తాకే గరుకుదనం. అది విన్న సాయంత్రాలు నాకు ఎంతో సంతోషాన్నిచ్చాయి, దాన్ని తక్కువ చేసి చెప్పలేను. అయినా ప్రవచనాలు, సినిమా పాటలు, వార్తలు వినేవాళ్లు ఈ చివరి మెట్టు కోసం ఇరవై వేలు అదనంగా పెట్టాలని నేననను.

ఇంకో సంగతి: హెడ్‌ఫోన్ కంపెనీ యాప్‌లో ఈక్వలైజర్ (లోతైన, సన్నని శబ్దాలను విడిగా పెంచి తగ్గించే అమరిక) ఉంటే తప్పక వాడండి. కంపెనీ వాళ్లు పెట్టి పంపే బేస్ చాలా మోడళ్లలో మన సంగీతానికి ఎక్కువ. దాన్ని రెండు మూడు మెట్లు దించితే అదే హెడ్‌ఫోన్ వేరే వస్తువులా పలుకుతుంది.

పెట్టె మీద రాసే బ్లూటూత్ 5.2, 5.3 అంకెలు చూసి శబ్దాన్ని అంచనా వేయకండి. శబ్దం ఏ కోడెక్‌లో, అంటే ఫోన్ దాన్ని ఏ పద్ధతిలో కుదించి పంపితే వస్తుందన్నది చూడాలి. ఎస్‌బీసీ అనే మామూలు కోడెక్ అన్నిటిలో ఉంటుంది. ఐఫోన్ ఏఏసీ అనే ఇంకో కోడెక్ దాకా వెళ్తుంది, అంతే. ఎల్‌డాక్ అనే సోనీ కోడెక్ సెకనుకు 990 కిలోబిట్ల దాకా పంపగలదు, ఆండ్రాయిడ్ 8 నుంచి చాలా ఫోన్లలో ఉంది. ఎక్స్ఎం4లో అది ఉంది, 720ఎన్‌లో లేదు. ఐఫోన్ వాడేవాళ్లు ఎల్‌డాక్ ఉందని చెప్పి ఎక్కువ ధర పెడితే ఆ డబ్బు వృథా.

నాయిస్ క్యాన్సిలింగ్ విషయంలో జనానికి ఉన్న ఆశ ఒకటి, అది చేసే పని ఒకటి. బయటి శబ్దాన్ని మైకులతో పట్టి, దానికి సరిగ్గా తిరగబడిన తరంగాన్ని లోపల పుట్టించి రెండింటినీ కలిపి అణచడమే ఆ పద్ధతి. అందుకే ఒకే తీరుగా సాగే లోతైన శబ్దాల మీద బాగా పనిచేస్తుంది: ఫ్యాను, ఏసీ, బస్సు ఇంజిను, రైలు చక్రాల రొద. కుక్కరు విజిలు, ఆటో హారను, పక్క గదిలో మాటలు అంత తేలిగ్గా లొంగవు. మా వీధి చివర కల్యాణ మండపం ఉంది. ముహూర్తాల రోజుల్లో డోలు మోత సగానికి సగం తగ్గుతుంది, నాదస్వరం మాత్రం సన్నగా వచ్చి చేరుతుంది.

ముప్పై వేలకు విలువ కట్టేది ఇక్కడే. బెంగళూరు బస్సులో వెనక సీటు దొరికిందనుకోండి, ఇంజిను రొద ఎక్స్ఎం4లో దాదాపు మాయమవుతుంది. 720ఎన్‌లో తగ్గుతుంది, పోదు. రొద పోతే వాల్యూమ్ తక్కువలో పెట్టి వినొచ్చు, దిగాక తలనొప్పి ఉండదు. నెలలో నాలుగైదు సార్లు దూర ప్రయాణం చేసేవాళ్లు, విమానాల్లో తిరిగేవాళ్లు, రోజూ రైల్లో చెన్నై వైపు పోయి వచ్చేవాళ్లు ఖరీదైనది కొనడానికి ఇదొక్కటే సరైన కారణంగా నాకు కనబడుతుంది. ఇంట్లో కూర్చునేవాళ్లకు 720ఎన్ స్థాయి చాలు. దాని బ్యాటరీ నాయిస్ క్యాన్సిలింగ్ వేసుకుని 35 గంటలు, ఎక్స్ఎం4 బ్యాటరీ 30 గంటలు అని కంపెనీ చెబుతుంది. మొమెంటమ్ 4కు 60 గంటలు. మొదటి రెండింటి విషయంలో ఆ అంకెలకూ నా వాడకానికీ పెద్ద తేడా రాలేదు.

కాల్స్ కోసం కొనేవాళ్లు ఈ ఒక్క పేరా ఓపికగా చదవండి. బ్లూటూత్‌లో పాట వినడానికి ఒక దారి, మాట్లాడటానికి ఇంకో దారి ఉంటాయి. లాప్‌టాప్‌లో మీటింగు మొదలై హెడ్‌ఫోన్ మైకు ఆన్ కాగానే, శబ్దం రెండో దారికి మారుతుంది. అప్పటిదాకా నిండుగా ఉన్నది ఒక్కసారిగా పాత ల్యాండ్‌లైన్ ఫోన్‌లా అయిపోతుంది. హెడ్‌ఫోన్ చెడిపోయిందని చాలామంది టెన్షన్ పడతారు. చెడిపోలేదు, ధరతోనూ సంబంధం లేదు. మీటింగు యాప్‌లోని సెట్టింగుల్లో మైకు స్థానంలో లాప్‌టాప్ మైకును ఎంచుకుని, స్పీకర్‌గా హెడ్‌ఫోన్‌ను ఉంచితే సమస్య తీరుతుంది. ఎల్ఈ ఆడియో అనే కొత్త బ్లూటూత్ పద్ధతి లాప్‌టాప్‌లోనూ హెడ్‌ఫోన్‌లోనూ ఉంటే ఈ ఇబ్బంది తగ్గుతుంది.

తమ్ముడి గేముల సంగతి తొందరగా చెప్పేస్తాను. బ్లూటూత్‌లో శబ్దం కొంచెం ఆలస్యంగా చేరుతుంది. సినిమా చూసేటప్పుడు యాప్ దాన్ని సర్దుకుంటుంది, గేములో సర్దుకోలేదు. ఏ ధరలో కొన్నా 3.5 ఎంఎం జాక్ ఉన్నదే తీసుకుని గేములకు వైరు పెట్టుకోమనండి.

షాపుకు వెళ్తే ఏం చూడాలి? గాంధీ రోడ్డు వైపు మొబైల్ షాపుల్లో పెట్టె తెరవనిచ్చేవి కొన్నే ఉంటాయి. తెరవనిచ్చిన చోట కనీసం పావుగంట పెట్టుకుని అక్కడే నిలబడండి. కళ్లజోడు ఉన్నవాళ్లు కళ్లజోడుతోనే పెట్టుకోవాలి, ఎందుకంటే కాడ దగ్గర సందు పడితే బేసూ పోతుంది, నాయిస్ క్యాన్సిలింగూ తగ్గుతుంది. ఆడవాళ్లు రోజూ పెట్టుకునే కమ్మలతోనే చూసుకోవాలి. బుట్టకమ్మలైతే ప్యాడ్ కింద నొక్కుకుని తమ్మె నొప్పి పెడుతుంది. అమ్మకు చివరికి సోనీ సీహెచ్520 నచ్చింది. అది చెవిని కప్పదు, చెవి మీద ఆనుతుంది, బరువు 147 గ్రాములే. నాయిస్ క్యాన్సిలింగ్ లేదు. ప్రవచనానికి ఆమెకు అదేమీ అక్కర్లేదు, గాలి ఆడుతుందని హాయిగా పెట్టుకుంటుంది.

జీఎస్టీ బిల్లు తప్పకుండా తీసుకోండి. సర్వీస్ సెంటర్ తిరుపతిలోనే ఉందా, చెన్నైకి పంపాలా అన్నది డబ్బు కట్టకముందే అడగండి. వారంటీలో ఉన్న ఒక హెడ్‌ఫోన్‌ను ఒక కంపెనీకి కొరియర్‌లో పంపి, అది తిరిగొచ్చేదాకా ఫోన్ల మీద ఫోన్లు చేసిన అనుభవం మా ఇంట్లో ఉంది.

ఖరీదైన వరుసలోకి వెళ్లేవాళ్లు మడత సంగతి చూసుకోండి. ఎక్స్ఎం4 లోపలికి మడతపడి చిన్న పెట్టెలో ఇమిడిపోతుంది, ఎక్స్ఎం5 మడతపడదు, 2025లో వచ్చిన ఎక్స్ఎం6 మళ్లీ మడతపడుతుంది. బ్యాగులో లాప్‌టాప్, టిఫిన్ బాక్స్ పెట్టుకుని బస్సెక్కేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. కొత్త మోడల్ వచ్చినప్పుడల్లా పాతదాని ధర పండగ ఆఫర్లలో దిగుతుంది. నా లెక్కలో అప్పుడు పాతది కొనడమే మేలు. అయితే పెట్టె మీద తయారైన నెల, సంవత్సరం చూడండి. లిథియం బ్యాటరీ వాడకుండా పెట్టెలో ఉన్నా నెమ్మదిగా బలం కోల్పోతుంది, గోడౌన్ వేడికి ఇంకా త్వరగా. రెండేళ్లకు పైగా నిలవ ఉన్న పెట్టె అయితే ఎంత తగ్గింపు ఇచ్చినా నేను వద్దనే అంటాను.