పిల్లలు ఇంటి భాషలో తిరిగి మాట్లాడాలంటే ఏ పద్ధతి మేలు?

మా పాప బడికి వెళ్ళకముందు ఇంటి భాషలో గలగలా మాట్లాడేది. బడిలో చేరాక ఆర్నెల్లు తిరక్కుండానే నేను ఇంటి భాషలో అడగడం, తను బడి భాషలో జవాబు చెప్పడం అలవాటైపోయింది, అర్థమవుతోంది కదా మాట్లాడ్డం అదే వస్తుందిలే అని ఊరుకున్నాం. అదే మేం చేసిన తప్పు. అర్థమవడం వేరు నోరు తిరగడం వేరు, వాడని భాష పిల్లల నోట్లోంచి ఎంత తొందరగా పోతుందో కళ్ళారా చూశా.

అందరూ ముందు చెప్పేది ఒక్కొక్కరు ఒక్కో భాష అనే పద్ధతి, అమ్మ ఒకటి నాన్న ఒకటి. ఇది కొత్తదేం కాదు, జూల్ రోంజా అనే ఫ్రెంచ్ భాషావేత్త 1913లోనే తన కొడుకు లూయీ గురించి రాశాడు, తండ్రి ఫ్రెంచ్ తల్లి జర్మన్ మాట్లాడితే పిల్లాడికి రెండూ చక్కగా వచ్చాయి. అమ్మానాన్నల భాషలే వేరైతే ఇంతకంటే సహజమైన దారి లేదు. కానీ బయటంతా బడి భాషే, ఇంట్లో కూడా సగం అదే అయితే ఇంటి భాష బరువంతా ఒక్క మనిషి మీద పడుతుంది, ఆ మనిషి ఇంటికొచ్చేసరికే పిల్ల నిద్రపోతుంటే ఇంక ఏం మాట్లాడతారు, ఎప్పుడు మాట్లాడతారు?

రెండోది, ఇంట్లో ఉన్నంతసేపూ ఇద్దరూ ఇంటి భాషే. నా ఓటు దీనికే. ఆనిక్ డె హౌవర్ అనే పరిశోధకురాలు బెల్జియంలో డచ్ మాట్లాడే ప్రాంతంలో దాదాపు 1,900 కుటుంబాల వివరాలు తీసుకుని 2007లో ప్రచురించారు. ఇద్దరూ ఇంటి భాష ఒక్కటే మాట్లాడే ఇళ్ళల్లో నూటికి 97 ఇళ్ళల్లో పిల్లలు ఆ భాష మాట్లాడుతున్నారు, ఒక్కొక్కరు ఒక్కో భాష పాటించే ఇళ్ళల్లో అది 74 దగ్గరే ఆగింది. అదేం చిన్న తేడా కాదండీ. బడి భాష వెనకబడుతుందేమో అని భయపడక్కర్లేదు, దాన్ని బడీ స్నేహితులూ టీవీ కలిసి రోజంతా నేర్పుతూనే ఉంటాయి.

మూడోది టైమ్ పెట్టుకోవడం, సాయంత్రాలో సెలవు రోజులో. ఏమీ లేనిదానికంటే నయం, మొదలుపెట్టడానికి బాగుంటుంది కానీ బిజీగా ఉన్న వారం ముందు ఎగిరిపోయేది అదే.

అయితే ఏ పద్ధతి ఎంచుకున్నా, పిల్ల బడి భాషలో జవాబిచ్చినప్పుడు మనం ఏం చేస్తామన్నదే అసలు సంగతి. ఎలిజబెత్ లాంజా అనే భాషావేత్త ఈ సందర్భంలో తల్లిదండ్రులు చేసేవాటిని ఐదు రకాలుగా చూపించారు, అర్థం కాలేదని మళ్ళీ చెప్పించడం, ఊహించి "ఇదేనా?" అని ఇంటి భాషలో అడగడం, అదే మాట ఇంటి భాషలో తిప్పి చెప్పడం, ఏ భాషలో చెప్పిందో పట్టించుకోకుండా మాట సాగించడం, మనమూ బడి భాషలోకి మారిపోవడం. మొదటివైపు ఉంటే పిల్లకి ఇంటి భాష వాడాల్సిన అవసరం కనిపిస్తుంది, చివరివైపు జారేకొద్దీ అది పోతుంది.

మాకు బాగా పనికొచ్చింది ఊహించి అడగడమే. ఒకరోజు "అమ్మా, బొమ్మ బ్రేక్ అయింది" అంటూ వచ్చింది. "అయ్యో, విరిగిందా? అదే విరిగిందా, నువ్వు విరగ్గొట్టావా?" అన్నా. ఇంక తప్పు తన మీద పడకూడదు కదా, "నేను విరగ్గొట్టలేదు, అదే విరిగింది!" అని గట్టిగా చెప్పింది, రెండు మాటలూ ఎక్కడివక్కడ సరిగ్గా పెట్టి. పాఠం చెప్పి నేర్పిస్తే వచ్చేది కాదు అది.

అర్థం కానట్టు నటించడం మాత్రం నేను మానేశా, నాకు బడి భాష వచ్చని దానికి తెలుసు, దెబ్బ తగిలి ఏడుస్తూ వచ్చినప్పుడు కూడా ఇంటి భాషలో చెప్పమంటే అసలు చెప్పడమే మానేస్తుంది. చుట్టాల ముందు నిలబెట్టి మాట్లాడించడం, యాస విని నవ్వడం కూడా వద్దు, ఒక్కసారి నవ్వితే నెలల తరబడి నోరు విప్పని పిల్లలున్నారు. దానికంటే బడి భాష రాని మనిషితో మాట్లాడించండి. మా పాప వాళ్ళ అమ్మమ్మతో రోజూ ఫోన్లో మాట్లాడుతుంది, అక్కడ వేరే దారి లేదు, మాట దొరక్కపోతే ఫోన్ పట్టుకుని నా దగ్గరికి పరిగెత్తుకొచ్చి అడిగి మరీ వెళ్ళి చెప్తుంది.

లెక్కలు ఇప్పటికీ బడి భాషలోనే చేస్తుంది, దాని జోలికి నేను పోవట్లేదు. బొమ్మల్ని కూర్చోబెట్టి కేకలేసేటప్పుడు మాత్రం ఈమధ్య ఇంటి భాషే వస్తోంది.