ఫాతిమానగర్‌లో అమ్మే పేర్ల పుస్తకం: ‘రోడ్రిగో’కు రుద్రుడికి ముడిపెట్టారు

కాజీపేట ఫాతిమానగర్‌లో జపమాలలు, కొవ్వొత్తులు అమ్మే ఒక దుకాణంలో జ్ఞానస్నానం పేర్ల పుస్తకం 60 రూపాయలకు దొరుకుతోంది. అచ్చు పెద్దది, కుట్టు గట్టిది. గొడవంతా అర్థాల దగ్గరే.

పోర్చుగీసు, స్పానిష్ వాళ్లు మగపిల్లలకు పెట్టే ‘రోడ్రిగో’ పక్కన ‘రుద్రుడు’ అని వేశారు. పోర్చుగల్‌లో దాన్ని దాదాపు ‘రుద్రీగు’ అనే పలుకుతారు. 1163లో వేయిస్తంభాల గుడి కట్టించిన రుద్రదేవుడి ఊళ్లో ఎవరైనా పొరబడతారు! కానీ చుట్టరికం లేదు. పాత జర్మానిక్‌లో (జర్మన్, ఇంగ్లిషు లాంటి భాషలకు మూలం) ‘హ్రోథ్’ అంటే కీర్తి, ‘రీక్’ అంటే ఏలిక. లాటిన్‌లో అది ‘రోదెరికుస్’ అయింది. తర్వాత నడుమ ‘ఎ’ రాలిపోయింది, అచ్చుల మధ్య ‘క’ కాస్తా ‘గ’గా మెత్తబడింది. ఇలాంటి పేర్లు ఇబీరియాకు, అంటే స్పెయిన్, పోర్చుగల్ ఉన్న ప్రాంతానికి, స్వేవులు, విసిగోతులు అనే జర్మానిక్ తెగలతో వచ్చాయి. 711లో ఓడిన విసిగోతు రాజు పేరూ ఇదే.

అసలు బంధుత్వం రెండో ముక్కలో ఉంది. ఆ ‘రీక్’, మన ‘రాజ’ ఒకే ఇండో-యూరోపియన్ (సంస్కృతం, చాలా యూరప్ భాషలు పుట్టిన కుటుంబం) మూలానివి. పుస్తకానికి అది అందలేదు.

‘రోడ్రిగ్స్’ను వేరే పేరుగా వేయడం ఇంకో తప్పు. అది ‘రోడ్రిగో కొడుకు’ అని చెప్పే ఇంటిపేరు. చివర ‘ఎస్’ ఉంటే పోర్చుగీసు, ‘జెడ్’ ఉంటే స్పానిష్. ‘రోడ్రిగో’కు పొట్టి రూపమైన ‘రూయ్’ పుస్తకంలో అసలే లేదు.

పోర్చుగీసు ‘డి’ నాలుక పళ్లకు తగిలి పలికేది, కాబట్టి తెలుగులో ‘రోద్రిగో’ అన్నదే దగ్గర. ఏది రాసినా జనన ధ్రువపత్రంలో, ఆధార్‌లో ఒకేలా ఉండాలి. పేర్ల జాబితా కోసమైతే పుస్తకం కొనొచ్చు.