మూత మాత్రమే ఉన్న ‘పై’: లండన్ పబ్బుల అనుభవం

లండన్‌లో పాతకాలపు పబ్బులు చూడదలచినవారికి నేను చెప్పే మొదటి మాట, పార్లమెంటు భవనం చుట్టుపక్కల యాత్రికుల కోసమే ముస్తాబైన పబ్బుల జోలికి పోవద్దని. అటువంటి ఒకదానిలో కౌంటరు దగ్గర ఆర్డరిచ్చి, బీర్లు మేమే మోసుకొచ్చుకుని, బల్ల మీది ఎంగిలి గ్లాసులు కూడా మేమే పక్కకు జరుపుకుని కూర్చున్నాము. ఒక్కొక్కటి 7.40 పౌండ్ల చొప్పున రెండు పైంట్ల బీరు, 19.50కి చేప, చిప్స్, బావమరిది శాకాహారి కనుక 17.70కి పుట్టగొడుగుల ‘పై’ (పిండి పొరల మధ్య కూర పెట్టి కాల్చే వంటకం), వెరసి 52 పౌండ్లు, దానిపై 12.5 శాతం సర్వీస్ చార్జీ కింద మరో 6.50.

ఇంతకూ ఆ ‘పై’ ఎటువంటిదంటే, చిన్న పింగాణీ గిన్నెలో కూర పోసి, మన బేకరీ పఫ్ పైపొరలాంటి మూత ఒకటి దానిపై ఆనించి తెచ్చారు. అసలైన ‘పై’కి అడుగు, గోడలు, కప్పు అన్నీ పిండితోనే ఉండాలి. ఇక్కడ మూత ఎత్తితే గిన్నె అంచులకు అంటుకుని చల్లారిన గ్రేవీ, నాలుగు పుట్టగొడుగు ముక్కలు కనిపించాయి. సర్వీస్ చార్జీ ఐచ్ఛికమని బిల్లు అడుగున చిన్న అక్షరాల్లో ఉన్నది చూసి, తీసేయమన్నాను. మేనేజరు వచ్చేదాకా నిలబెట్టి చివరకు తీసేశారు గాని, ఆ సేపంతా “పోనీలే బావా, ఆరు పౌండ్లకేనా ఇంత రభస” అని బావమరిది గొణుగుతూనే ఉన్నాడు. ఈ పబ్బుకు నేనిచ్చే మార్కులు అయిదుకు ఒకటి, అదీ చేప వేడిగా ఉన్నందుకు.

హై హోబర్న్‌లోని ప్రిన్సెస్ లూయీజ్‌కు నాలుగున్నర. 1872 నాటి ఈ పబ్బు లోపలి అలంకరణ 1891లో చేసినది. నడుమ బారు, దాని చుట్టూ చెక్కడపు పనితనమున్న చెక్క, నగిషీ అద్దాలతో విడదీసిన చిన్న చిన్న గదులు. మనిషి మొహం కనిపించదు, మాట మాత్రం వినిపిస్తుంది. అర మార్కు తగ్గించినది ఆ గదుల ఇరుకుకు.

సదర్క్‌లోని జార్జ్ ఇన్‌కు నాలుగు. 1676 అగ్నిప్రమాదం తరువాత మరుసటి ఏడాది తిరిగి కట్టిన గుర్రపుబండ్ల సత్రం ఇది. మిగతా వైపులను 1889లో రైల్వే వారు కూల్చివేయగా, వసారాలతో మిగిలిన ఒక్క వైపు ఇప్పుడు పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్టు అనే సంస్థ ఆస్తి. పీపాలోనే పులిసి పక్వమయ్యే కాస్క్ ఏల్ అనే బీరును చేత్తో పంపు లాగి గ్లాసులోకి ఎత్తుతారు. అది 11 నుండి 13 డిగ్రీల చల్లదనంలోనే ఉంటుంది కనుక మంచుగడ్డలాంటి బీరుకు అలవాటుపడినవారు మొదటి గుక్కకు మొహం చిట్లిస్తారు. రెండవ గ్లాసుకు అలవాటు పడతారు. ఈ రకం బీరును తేటపరచడానికి చేపల గాలితిత్తి నుండి తీసిన పదార్థాన్ని వాడే ఆచారం ఉన్నదని తెలిసి బావమరిది డీలాపడ్డాడు. కౌంటరులోని అమ్మాయి విసుక్కోకుండా కిందికి దిగి, పీపా మీది వివరాలు చదివి వచ్చి, ఆ పదార్థం కలపని రకాన్ని చిన్న గ్లాసులో రుచి చూపించింది. అతని మొహం వికసించింది, పైంటుకు 6.30.

పైంటు అంటే 568 మిల్లీలీటర్లు. నురుగు మరీ ఎక్కువైతే నింపమని అడగండి, మొహమాటపడవద్దు. జార్జ్‌కు శుక్రవారం సాయంత్రం మాత్రం వెళ్లవద్దు, ముంగిట్లో నిలబడే చోటు కూడా ఉండదు. చాలా పబ్బుల్లో వంటగది బారు కంటే ముందే మూతపడుతుంది కనుక, తినదలచినవారు ఎనిమిదింటికల్లా ఆర్డరివ్వడం క్షేమం.