మూడు ఉడ్‌బ్లాక్ ప్రింట్లు, ఒక పెయింటింగ్: నాలుగు నెలలు గోడ మీద చూశాక

ముందే చెప్పేస్తా, నేను బొమ్మలు కొనే మనిషిని కాదు. చిన్నప్పుడు తిరిగిన పల్లె, పొలాలు, చెరువు, ఇవే గీస్తానని చెప్పుకునే ఒక ఆర్టిస్టు దగ్గర ఆన్‌లైన్‌లో మూడు ఉడ్‌బ్లాక్ ప్రింట్లు (చెక్క మీద బొమ్మ చెక్కి, రంగు పూసి కాగితం మీద అచ్చు వేసేవి), ఒక చిన్న పెయింటింగ్ తీసుకున్నా. మూడు అన్నాను గానీ అందులో ఒకటి అసలు ఉడ్‌బ్లాకే కాదు, ఆ గొడవ తర్వాత చెప్తా.

మొదటి ప్రింటు వాన బొమ్మ. దాని గురించే ముందు చెప్పాలి, ఎందుకంటే డబ్బులన్నీ దానికే ఇచ్చాననుకున్నా నాకు బాధ లేదు. పొలం గట్టు మీద ఇద్దరు పిల్లలు పరిగెడుతుంటారు. ముఖాలు లేవు. ఇద్దరిలో ఆడపిల్ల చెప్పులు మాత్రం కాళ్లకి లేవు, చేతిలో ఉన్నాయి. బురదలో చెప్పు దిగబడి తెగిన అనుభవం ఉన్నవాళ్లకే వచ్చే ఆలోచన అది, ఫొటోలు చూసి గీసేవాళ్లకి తట్టదు. ఇక వాన ఎలా వేశారా అని దగ్గరికెళ్లి చూస్తే, వెయ్యనే లేదు. వాన ఉండాల్సిన చోట చెక్కని సన్నగా గీతల్లా తీసేశారు, అక్కడ రంగు అంటలేదు, కనిపించేది ఉత్త కాగితం. పిల్లాడి మడమ దగ్గర ఒకచోట ఉలి జారినట్టుంది, రెండు చినుకులు కలిసిపోయి మందంగా పడ్డాయి. నాకది తప్పులా అనిపించలేదు, రోజూ ముందు కన్ను అక్కడికే పోతోంది.

ఆకాశం పైన ముదురు నీలం, కిందికి వచ్చేసరికి తేలిపోతుంది. జపాన్‌లో దీన్ని బొకాషి అంటారు, 1830ల్లో హిరోషిగే అనే అక్కడి చిత్రకారుడు వేసిన దారి దృశ్యాల్లో పైఅంచున కనిపించే నీలి పట్టీ ఇదే పద్ధతి. ప్రతి కాగితం అచ్చు వేసే ముందు చెక్క మీద రంగుని తడిబ్రష్‌తో చేత్తోనే లాగి పలచన చెయ్యాలి, కాబట్టి ఏ రెండు కాపీలూ ఒకేలా రావు. నాకొచ్చింది వాళ్లు పెట్టిన ఫొటో కన్నా ముదురు. మొదటిరోజు మోసపోయానేమో అని టెన్షన్ పడ్డా, ఈ సంగతి చదివాక కుదుటపడ్డా. ఆ ముక్కేదో అమ్మేచోటే ఒక లైను రాసి ఉంటే బాగుండేది.

పెయింటింగ్‌లో ఉన్నదీ అదే గట్టు, అదే వాన, అదే మనిషి చెయ్యి. కానీ చప్పగా ఉంది. గడ్డిపోచలు, మబ్బుల అంచులు, దూరంగా ఇల్లు, ఇంటి మీద పిట్ట, పిల్లాడి చొక్కా గుండీలు, ఏదీ వదల్లేదు. క్యాలెండర్ బొమ్మలా తయారైంది. బ్రష్ పట్టుకుంటే ఇంకాస్త వేద్దాం అనిపిస్తుంది కాబోలు, చెక్క మాత్రం ఒప్పుకోదు. గీతలకి ఒక చెక్క, ఆపైన మామూలుగా ఒక్కో రంగుకి ఇంకో చెక్క చెక్కాలి, అన్నీ ఒకేచోట కుదరడానికి అంచుల్లో గుర్తులు చెక్కి కాగితాన్ని ప్రతిసారీ వాటికే ఆనించాలి, ఇంత చాకిరీ ఉంటే పిట్ట అవసరమా అని ఎవరైనా రెండోసారి ఆలోచిస్తారు. నాకైతే చిన్నప్పటి సంగతులు గుర్తున్నదీ ఇలాగే. వానలో ఏ చొక్కా వేసుకున్నానో గుర్తులేదు, కాలివేళ్ల మధ్య బురద జారడం గుర్తుంది.

రెండో ప్రింటు ఇల్లూ చెట్టూ. పనితనానికి వంక పెట్టలేం గానీ ఆ ఇల్లు ఎవరిదైనా కావచ్చు, ఆ చెట్టు ఎక్కడిదైనా కావచ్చు. ఆ చోటు ఇప్పుడు లేదనీ, గుర్తున్నంత గీశాననీ పార్సిల్‌లో చీటీ పెట్టారు. అర్థమైంది, కానీ జ్ఞాపకం ఒక్కదాన్నే నమ్ముకుంటే అందరికీ తెలిసిన బొమ్మే వస్తుంది. జపాన్‌లో 1923 భూకంపంలో కవాసే హసుయి అనే ప్రింట్ల చిత్రకారుడి స్కెచ్ పుస్తకాలు కాలిపోయాయి, ఆయన మళ్లీ ఊళ్లు తిరిగి కొత్త పుస్తకాలు నింపుకున్నాడు. ఈయన కూడా ఇంకెక్కడైనా ఒక చెట్టు కింద ఓ గంట కూర్చోవాల్సింది.

ఇక ఆ గొడవ. మూడోది సాయంత్రం చెరువు. కాగితం పట్టుకోగానే తేడాగా అనిపించింది, మరీ నున్నగా ఉంది. వెనక్కి తిప్పితే తెల్లగా, ఏమీ లేదు. మిగతా రెండింటి వెనక చేత్తో రుద్దిన జాడలున్నాయి, రంగు కొంచెం ఇంకింది, గీతల చోట కాగితం నొక్కుకుపోయింది. భూతద్దం పెడితే చెరువంతా సన్నటి చుక్కలే. అంటే ఉడ్‌బ్లాక్‌ని ఫొటో తీసి ఇంక్‌జెట్‌లో కొట్టారు. వివరాల్లో ‘ప్రింట్’ అని ఉంది కాబట్టి అబద్ధమని వాదించలేను, కానీ దాని కింద కూడా పెన్సిల్‌తో ఎడిషన్ నంబర్ (మొత్తం అచ్చు వేసిన కాపీల్లో ఇది ఎన్నోదో చెప్పే అంకె) వేశారు చూడండి, అక్కడ నాకు ఒళ్లు మండింది. అడిగితే వారానికి జవాబిచ్చి, తేడా డబ్బులు వెనక్కి ఇచ్చారు, సారీ మాత్రం చెప్పలేదు.

మీరు కొనేటప్పుడు వెనకవైపు ఫొటో అడగండి. ఎన్ని చెక్కలు వాడారో అడగండి, నిజంగా చెక్కినవాళ్లు దీనికి సంబరంగా జవాబిస్తారు. ఎవరు చెక్కారన్నది అంత ముఖ్యం కాదు, పాత జపాన్ ప్రింట్లలో గీసేది ఒకరు, చెక్కేది ఒకరు, అచ్చు వేసేది ఇంకొకరు. 1904లో యమమోతో కనాయె అనే ఆర్టిస్టు ఈ మూడు పనులూ తనే చేశాక గానీ అన్నీ ఒక్కరే చెయ్యాలన్న పట్టుదల అక్కడ మొదలవలేదు.

ప్యాకింగ్ యావరేజ్, ట్యూబ్‌లో చుట్టి పంపారు, ఒక మూల మడతపడింది. నారకాగితం గట్టిది కాబట్టి పుస్తకాల కింద వారం పెడితే సాపు అయింది, మడత గీత మాత్రం పోలేదు. ఫ్రేమ్ కట్టించేటప్పుడు అద్దం కాగితానికి తగలకుండా మధ్యలో మౌంట్ (బొమ్మ చుట్టూ పెట్టే అట్ట) పెట్టించండి, ఎండ పడే గోడ వద్దు, రంగులు వెలిసిపోతాయి.

వాన బొమ్మకి అయిదుకి అయిదు, ఇంటికి మూడు, పెయింటింగ్‌కి రెండు. చెరువు తీసేశాను, ఆ మేకు ఖాళీగా ఉంది. ఆయనే కొత్తగా పెట్టిన పొగమంచు ప్రింటు ఒకటి నచ్చి వెనకవైపు ఫొటో పంపమన్నా, ఇంకా రాలేదు.