క్షయకరణ విభజనకు పూసల కిట్: రంగులు సరే, అయస్కాంతంతోనే చిక్కు

ఎర్ర పూసల దండ తల్లి నుంచి వచ్చిన క్రోమోజోము, పసుపు దండ తండ్రి నుంచి వచ్చింది. నడుమ, నకళ్లు అతికి ఉండే సెంట్రోమియర్‌గా చిన్న అయస్కాంతం. సంయోగబీజాల (అండం, శుక్రకణం వంటివి) కోసం కణం వరుసగా రెండుసార్లు విడిపోయి, క్రోమోజోములు సగమయ్యే క్షయకరణ విభజనను చూపడానికి ఇంటర్, డిగ్రీ ల్యాబుల్లో వాడే ఈ కిట్‌లో సరుకు అంతే. స్వతంత్ర వ్యూహనం (ఒక్కో జత మరో జతతో సంబంధం లేకుండా విడిపోవడం) చూపడానికి భేషుగ్గా పనికొస్తుంది. వినిమయం (జతలోని రెండు క్రోమోజోములు ముక్కలు మార్చుకోవడం) దగ్గరే తప్పుదారి పట్టిస్తుంది.

కొనేముందు పూసలు లెక్కపెట్టుకోండి. పొడుగు దండకు 20, పొట్టి దండకు 12 చొప్పున రెండు జతలు కడితే, ప్రతికృతి (ప్రతి క్రోమోజోముకూ నకలు తయారవడం) తర్వాత ఒక్కో రంగులో 64 పూసలు, మొత్తం 8 అయస్కాంతాలు కావాలి. 8 పూసల మూడో జత కూడా కావాలంటే రంగుకు 80, అయస్కాంతాలు 12. మూడో జత లేని పెట్టె కొనకండి. 4 రకాల సంయోగబీజాలు 8 కావడం చేత్తో చేసి చూస్తేనే, మనిషి 23 జతలకు 83,88,608 ఎలా వస్తాయో తలకెక్కుతుంది. అదీ వినిమయాన్ని లెక్కలోకి తీసుకోకుండానే.

అయితే వినిమయం లేకుండా ఒక్క కణం నుంచి వచ్చేవి 2 రకాలే. ఎక్కువ రకాలు కనబడాలంటే నాలుగైదు బృందాలు విడివిడిగా చేసి ఫలితాలు పోల్చుకోవాలి. మధ్యస్థదశ-1లో (మొదటి విభజనలో జతలు కణం మధ్యన వరుసగా నిలిచే దశ) ఏ రంగు ఏ ధ్రువం వైపో ప్రతి జతకూ విడిగా బొమ్మా బొరుసూ వేయించండి. లేకపోతే పిల్లలు చూడ్డానికి బాగుందని ఎర్రవన్నీ ఒకవైపే పేరుస్తారు, కొత్త కలయిక ఒక్కటీ పుట్టదు.

ఇక అయస్కాంతం. సోదర క్రోమాటిడ్లను (ఒకే క్రోమోజోము రెండు నకళ్లను) అది సెంట్రోమియర్ దగ్గర మాత్రమే పట్టి ఉంచుతుంది. కణంలో కొహీసిన్ అనే ప్రొటీన్ వాటిని భుజాల పొడవునా కట్టి ఉంచుతుంది. కయాస్మా (వినిమయం జరిగిన చోటి ముడి) జారిపోకుండా సమజాత జతను (తల్లి, తండ్రి క్రోమోజోముల జతను) చలనదశ-1 (మొదటి విభజనలో జతలు విడిపోయే దశ) దాకా నిలిపేది ఆ కట్టే. కిట్‌లో అది లేదు కాబట్టి పూసలు మార్చగానే జత విడిపోతుంది. పైగా ఎర్ర, పసుపు అయస్కాంతాలు ఒకదాన్నొకటి లాక్కుని, సూత్రయుగ్మనం (జత క్రోమోజోములు పక్కపక్కన చేరడం) సెంట్రోమియర్ దగ్గరే జరుగుతుందన్న భ్రమ కలిగిస్తాయి. విరుగుడు సులువే: సోదర భుజాల చుట్టూ దారం వదులుగా కట్టండి. చలనదశ-1లో దారం తెంపండి, అయస్కాంతాన్ని చలనదశ-2లోనే (రెండో విభజనలో సోదర క్రోమాటిడ్లు విడిపోయే దశ) విడదీయండి.

పూసలు మార్చేటప్పుడు కొస నుంచి లెక్కపెట్టి, రెండు దండల్లోనూ సమానంగా తీయాలి. లెక్క తప్పితే ఒక దండ పొట్టిదై ఇంకోటి పొడుగవుతుంది. కణంలో అయితే ఒకచోట జన్యువులు పోయి మరోచోట రెట్టింపవుతాయి. ఎర్రకు ఎర్ర మారిస్తే శ్రమే తప్ప ఫలితం లేదు. నాలుగు క్రోమాటిడ్లలో రెండే మారాలి, తక్కిన రెండూ పాతవిగానే ఉండాలి.

కిట్‌తో జన్యువుల గుర్తులు రావు. కాగితం ముక్కలు అంటించుకోండి: ఎర్ర దండ మీద పెద్ద ఎ, పెద్ద బి, పసుపు మీద చిన్నవి. వినిమయం ఆ రెండు గుర్తుల మధ్య పడితేనే కొత్త జోడీ వస్తుంది, బయట పడితే రాదు. 1931లో జన్యుశాస్త్రవేత్తలు హారియెట్ క్రైటన్, బార్బరా మెక్‌క్లింటాక్ మొక్కజొన్న 9వ క్రోమోజోము కొసనున్న గుబ్బను ఇలాగే గుర్తుగా వాడుకుని, జన్యువులతో పాటు క్రోమోజోము ముక్కలు నిజంగానే చేతులు మారతాయని చూపారు.

పొరపాటున ఒక జత విడిపోకుండా ఒకే ధ్రువానికి వెళితే సరిదిద్దకండి, అలాగే చివరిదాకా నడపండి. మొదటి విభజనలో ఆ తప్పు జరిగితే నాలుగు సంయోగబీజాలూ చెడతాయి: రెండింట్లో ఒకటి ఎక్కువ, రెండింట్లో ఒకటి తక్కువ. రెండో విభజనలో ఒక కణంలోనే జరిగితే రెండు బాగానే ఉంటాయి.